పగడపు రాళ్ళు తోమినవాడు

మీకు సిగ్గుండాలి. ఇన్నేళ్ళుగా నా మంచం చుట్టూ చేరి, "నానమ్మా, ఆ రోజుల గురించి చెప్పు, తాతయ్య గురించి చెప్పు" అని ప్రాణం తోడేస్తారు. మీ తాతయ్య గురించి చెప్పడానికి ఏముంది, నా మొహం? గోదాములో చీటీలు రాశాడు, వేళకి ఇంటికొచ్చాడు, వేళకి పడుకున్నాడు. ఆయన జీవితమంతా ఒక పోస్టుకార్డు మీద రాస్తే ఇంకా జాగా మిగుల్తుంది. నా తమ్ముడి గురించి మాత్రం ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు, అడిగిన పాపాన పోలేదు. మీ నాన్నకి సొంత మేనమామరా వాడు! ఎందుకడగరో నాకు తెలుసులే. జానెడు లేని చేప చేత కరిపించుకుని బతికినవాడని, బయట చెప్పుకుంటే పరువు తక్కువని. అబ్బో, మీదేదో పెద్ద పరువు!

ఇవాళ చెప్తాను, రాసుకో. మధ్యలో "నిజంగానా నానమ్మా" అన్నావంటే అక్కడితో ఆపేస్తా.

మా తమ్ముడు మహానుభావుడేం కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నా. ఎందుకంటే పోయినవాళ్ళందర్నీ మహానుభావుల్ని చేసెయ్యడం ఈమధ్య ఫ్యాషనైపోయింది. వాడు పనిదొంగ కూడా కాదు. పనిదొంగకి కనీసం తెలివుంటుంది. వీడు పని చేస్తూ చేస్తూ, మధ్యలో ఆగిపోయి, గుడ్లప్పగించి చూస్తాడు. దర్జీ దుకాణంలో పెట్టించాను. మిషను సూది పైకీ కిందకీ పోవడం చూస్తూ, ఎవరిదో పెళ్ళికొడుకు ప్యాంటు రెండు కాళ్ళూ కలిపి కుట్టేశాడు. రొట్టెల బట్టీలో పెట్టించాను. పిండి పొంగుతుంటే దాని మొహం చూస్తూ కూర్చుని పొయ్యి ఆరిపోనిచ్చాడు. ఐసు ఫ్యాక్టరీలో పెట్టిస్తే, దిమ్మలో ఇరుక్కున్న ఈగని చూస్తూ తలుపు బార్లా తెరిచి వదిలేశాడు. సైకిలు షాపు సంగతి నేను చెప్పను, ఆ షాపువాడు ఇప్పటికీ నేను కనిపిస్తే మొహం తిప్పుకుంటాడు.

వాడికి చేతనైంది ఒకే ఒక్కటి. నీళ్ళలో మునిగితే నూరు లెక్కపెట్టినా పైకి రాడు. చిన్నప్పుడు మా అమ్మ ఒడ్డు మీద నిలబడి గుండెలు బాదుకుంటుంటే, వీడు తీరిగ్గా పైకి తేలి, "ఏంటమ్మా, పిలిచావా?" అనేవాడు. దేనికి పనికొస్తుంది చెప్పు, ఆ విద్య?

వాడి పెళ్ళాం ఆస్పత్రి బట్టలుతికే చోట ఇస్త్రీ చేసేది. దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల తెల్ల కోట్లు. పొద్దున్నే వెళ్ళి నిలబడితే సాయంత్రం దాకా కాళ్ళ మీదే. వాళ్ళ గదీ మా గదీ ఒకే వరండాకి ఎదురెదురు. నాలుగో ఉద్యోగం పోయిన రోజు ఆవిడ వరండాలోకి వచ్చి నిలబడింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"వదినా, మీరు పెద్దవారు కాబట్టి మీ ముందే చెప్తున్నా. మీ తమ్ముడికి ఇంకొక్క ఉద్యోగం. ఒక్కటే. అది కూడా పోగొట్టుకుంటే పిల్లని తీసుకుని మా అన్నయ్య దగ్గరికి పోతాను. మళ్ళీ రాను. బతిమాలడానికి మీరూ రావద్దు."

"నన్నెందుకమ్మా మధ్యలోకి లాగుతావ్?" అన్నాను.

"మీరే కదా పెట్టించింది, నాలుగు చోట్లా."

మా వాడు గుమ్మంలో నిలబడి ఆవిడ చేతికున్న ఇస్త్రీ వాతలు చూస్తున్నాడు. దద్దమ్మ.

ఆ ఐదో ఉద్యోగమే లాంచీ.

రేవులో ఒకడుండేవాడు, అందరూ కెప్టెన్ అనేవాళ్ళు. ఏ ఓడకీ కెప్టెన్ కాదు. అంతకుముందు మంచాలూ బీరువాలూ అమ్మేవాడు. దుకాణం దివాలా తీశాక ఒక పాత లాంచీ కొని, దాని అడుగు కోసేసి మందపాటి అద్దం బిగించి, నెత్తిన తెల్లటోపీ పెట్టుకున్నాడు. టోపీ పెట్టాక మనిషికి మెడ వంగదు. జనాన్ని ఎక్కించుకెళ్ళి పగడపు దిబ్బ చూపించడం అతగాడి వ్యాపారం. దిబ్బంటే మట్టి దిబ్బనుకునేవు. చీమ తలకాయంత జీవులు తరాల తరబడి కట్టుకున్న రాయి అది. కొమ్మలుగా ఒకటి, గొడుగులా ఒకటి, మెదడు ముడతల్లా ఒకటి. దాని అంచున, రెండు నిలువుల నీళ్ళలో, నాలుగు పెద్ద రాళ్ళు దగ్గర దగ్గరగా ఉండేవి. లాంచీని సరిగ్గా వాటి మీదకి తెచ్చి తాడు కట్టేవాళ్ళు. జనం బల్లల మీద కూర్చుని, మెడలు వంచి, అద్దంలోంచి చూడాలి.

ఆ రాళ్ళేమో గడ్డం గీసుకోని మొహంలా గోధుమరంగు నాచు పట్టి ఉండేవి. కెప్టెన్‌కి అది నచ్చలేదు. అతని బీరువాల దుకాణంలో ఒక క్యాలెండరు వేలాడేదట, అందులో పగడాలు గులాబీరంగులో మెరిసిపోతుండేవట. తన రాళ్ళు కూడా అలాగే ఉండాలని పట్టుబట్టాడు. సముద్రం అడుగు తోమించడానికి మనిషిని పెట్టుకున్న మొనగాడు ఈ లోకంలో అతనొక్కడే అయ్యుంటాడు. ఆ పని నా తమ్ముడికి దొరికింది.

మొహానికి అద్దం తొడుగు, నడుముకి సీసం గుళ్ళ పట్టీ, చేతిలో మనం అంట్ల గిన్నెలు తోమే బ్రష్షు. పొద్దున్నే దిగి తోమాలి. లాంచీ వచ్చాక కూడా కిందే ఉండి తోముతూ కనిపించాలి, జనానికి శుభ్రం తెలియాలట. ఊపిరి కావాలంటే పక్కకి తేలి పీల్చుకుని మళ్ళీ దిగాలి.

మొదటి రోజు సాయంత్రం ఇంటికొచ్చి వరండాలో కూర్చున్నాడు. చెవి తమ్మె ఎర్రగా ఉంది. మెడ మీద, మోచేతుల మీద, చిన్న చిన్న చుక్కలు.

"ఏంట్రా ఇవి? దోమలా?"

"చేప కరిచిందక్కా."

"ఎంత చేప?"

అరచెయ్యి చూపించాడు. అరచెయ్యి కూడా కాదు, వేళ్ళు మడిచి చూపించాడు. వాడి పెళ్ళాం పక్కన బట్టలు మడతపెడుతూ ఒక్కసారి పకపకా నవ్వింది. "ఇంకా నయం, చీమ కరవలేదు. సెలవు పెట్టేవారు," అంది.

దాని పేరు పుస్తకాల్లో ఏముందో నాకు తెలీదు. లాంచీ వాళ్ళు దాన్ని గయ్యాళి అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది మగాళ్ళే, చెప్పక్కర్లేదుగా. మసిబట్టలాంటి రంగు, చప్పిడి మొహం, ఎప్పుడూ బిగబట్టిన మూతి. చిన్నప్పుడు మాత్రం పసుపూ నీలమూ కలిసి నిగనిగలాడుతుందట. తనకంటూ ఒక జాగా దొరికి కాపురం పెట్టగానే మసిబారిపోతుంది. అది విని నేను మా వాడితో, "మన ఆడాళ్ళ సంగతి చేపల్దాకా పాకిందన్నమాట," అన్నాను.

నాలుగు రాళ్ళకీ నాలుగు గయ్యాళులు. ఒక్కోదానికి ఒక్కో రాయి, పెద్ద చాపంత జాగా. అందులో అది వ్యవసాయం చేస్తుంది. నవ్వకు. బతికున్న పగడాన్ని మూతితో కొరికి కొరికి చంపి, ఆ చచ్చిన జాగాలో నాచు పెంచుతుంది. అంటే ముందు కబ్జా, తర్వాత సేద్యం. తనకి కావలసిన నాచు ఒక్కటే ఉంచుకుని, మిగతా కలుపంతా మొక్క మొక్కా పీకి, నోట కరుచుకుని హద్దు దాకా వెళ్ళి ఉమ్మేసి వస్తుంది. నల్లటి ముళ్ళబంతుల్లాంటివి పాక్కుంటూ మేతకి వస్తే, ఒక ముల్లు పట్టుకుని ఈడ్చుకెళ్ళి అవతల పారేస్తుంది. చిలకముక్కు చేపలు వచ్చినా, ఎంత పెద్దవైనా, నేరుగా కళ్ళ మీదకి పోతుంది. పోయేటప్పుడు టకటకమని చప్పుడు కూడా చేస్తుందట, పళ్ళు కొరికినట్టు. రాత్రయితే రాతి బొరియలో దూరి పడుకుంటుంది. తెల్లారుతుండగా ఆడది పక్క రాయి నించి వస్తుంది, గుడ్లు అంటించి తన పొలానికి తాను చక్కా పోతుంది. కాపలా కాసేది, రెక్కలతో విసిరేది, పాడైన గుడ్డు ఏరేసేది, అన్నీ మగదే. గయ్యాళి గయ్యాళి అని లాంచీ వాళ్ళు తిట్టుకున్నవాటిలో అన్నిటికన్నా పెంకిది మగదే. తోక చీలి ఉండేది దానికి. నడిమి రాయి దానిది, సరిగ్గా అద్దం కిందకి వచ్చే రాయి.

ఇదంతా నాకెలా తెలుసంటావా? రోజూ సాయంత్రం చెప్పేవాడు కదా, చెవులు చిల్లులు పడేలా. నీళ్ళ కింద తోమడం మానేసి గుడ్లప్పగించి చూశాడన్నమాట. అలవాటు పోతుందా?

అలా ఏడాదిన్నర. వీడు పొద్దున తోముతాడు, అవి సాయంత్రానికి సర్దుకుంటాయి, వారం తిరిగేసరికి రాళ్ళకి మళ్ళీ గడ్డం. మనిషి ఒకవైపు, అరచేతిలో పట్టే చేపలు ఒకవైపు. గెలుస్తున్నది ఎవరో పసిపిల్లని అడిగినా చెప్తుంది.

ఒక రోజు కెప్టెన్ వాణ్ణి పిలిచాడు. సెలవులు వస్తున్నాయి. మొదటి రోజున ఊళ్ళు తిప్పే కంపెనీల వాళ్ళు నలుగురైదుగురు లాంచీ ఎక్కి చూస్తారు. వాళ్ళకి నచ్చితే ఏడాదంతా జనాన్ని పంపుతారు. నచ్చకపోతే కెప్టెన్ మళ్ళీ మంచాలు అమ్ముకోవాల్సిందే.

"రాళ్ళు పళ్ళలా తెల్లగా ఉండాలి. ఉంటే నువ్వుంటావు. లేదా ఇంటికి పో."

"అది నాచు కాదండీ, చేప పెంచుతోంది," అన్నాడు మా వాడు.

"చేపని పట్టెయ్. ఒక చేపని పట్టలేవా? ఎందుకురా నువ్వు?"

వాడు ఇంటికొచ్చి ఆ మాట చెప్పాడు. పెళ్ళాం పెట్టె కిందకి దించి, పిల్ల బట్టలు మడతపెట్టి పక్కన పెట్టుకుంది. పెట్టెలో మాత్రం పెట్టలేదు. పక్కన పెట్టింది.

పట్టడం అంత సుళువు ఇంకోటి లేదు. ఎర అక్కర్లేదు. రాయి మీద చెయ్యి పెడితే అదే వచ్చి మీద పడుతుంది, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ సంచీ ఎదురుగా పట్టుకోవడమే. కోపం ఉన్నవాళ్ళని పట్టుకోవడం ఎప్పుడూ తేలికే. నాలుగూ దొరికాయి. బకెట్లో వేసుకుని, చిన్న పడవ మీద రేవు గోడ అవతలికి తీసుకెళ్ళి వదిలాడు. మన సందు చివరి నించి మార్కెట్టు దాకా ఎంతుంటుందో అంత దూరం. మర్నాడు పొద్దున దిగేసరికి చీలితోకది నడిమి రాయి మీద కాపలా కాస్తోంది. వీణ్ణి చూసి ముందుకన్నా గట్టిగా కరిచింది.

కెప్టెన్ నమ్మలేదు. "అది వేరే చేపరా."

"తోక చీలి ఉందండీ."

"చేపలకి తోకలు చీలే ఉంటాయిరా, తలకాయ్!"

మళ్ళీ పట్టాడు, మళ్ళీ వదిలాడు. మళ్ళీ నాలుగూ వచ్చాయి. చంపెయ్యొచ్చు కదా, అంటావు. నేనూ అదే అన్నాను. "ఒరేయ్, ఒక రాయి పెట్టి కొట్టరాదూ? నీ కాపురం ముఖ్యమా, అది ముఖ్యమా?"

"దాని గుడ్లున్నాయక్కా," అన్నాడు. చూశావా, దాని గుడ్లున్నాయట! ఇంట్లో పిల్ల పెట్టె పక్కన కూర్చుని ఉంటే!

మూడోసారి ఏం చేశాడో తెలుసా? ఇంటికి తెచ్చాడు. నాలుగింటినీ. ఒకే గిన్నెలో వేస్తే ఒకదాన్నొకటి చంపుకునేవే, అందుకని చీలితోకది నా స్నానాల తొట్టిలో, ఇంకొకటి వాళ్ళ బకెట్లో, మిగతా రెండూ వాడి పెళ్ళాం వంటగిన్నెల్లో. ఒక్కోదానికీ దాని నాచు పట్టిన రాతిముక్క, చీలితోకదానికి గుడ్లు అంటిన ముక్క. రోజుకి రెండుసార్లు సముద్రపు నీళ్ళు మోసుకొచ్చి మార్చడం. సెలవుల మొదటి రోజు గడిచిపోతే తిరిగి వదిలేస్తాడట.

"వదినా, మీ తమ్ముడు నా గిన్నెలు చేపలకి అద్దెకిచ్చాడు," అంది మా మరదలు. అని, ఒకే పెనం మీద వండింది ఆ వారమంతా.

నేను చీలితోకదాన్ని మొదటిసారి చూడ్డం అప్పుడే. ఇంతెత్తు మనిషిని, తొట్టి మీద వంగాను. అది కాస్త వెనక్కి తగ్గి, నన్ను ఎగాదిగా చూసి, నేరుగా నా ముక్కు మీదకి లేచింది. నా తొట్టిలో ఉండి నా మీదకే! మా అత్తగారు గుర్తొచ్చింది.

అక్కడ రాళ్ళ సంగతి. కాపలా పోయిందని తెలియడానికి ఒక్క పూట పట్టింది. నీలంరంగు చేపలు మందలు మందలుగా దిగబడ్డాయి. చిలకముక్కులు వచ్చాయి, ముళ్ళబంతులు పాక్కుంటూ వచ్చాయి. వారం తిరక్కుండా ఏడాదిన్నరగా మా వాడు తోమలేని నాచంతా మేసి, నున్నగా గీకేశాయి. రాళ్ళు నిజంగానే పళ్ళలా తెల్లబడ్డాయి. కెప్టెన్ మా వాడి భుజం తట్టాడు. వాడొచ్చి ఆ భుజం చూపించాడు పెళ్ళానికి, మెడల్ వచ్చినట్టు.

సెలవుల మొదటి రోజు. బల్లలు నిండుగా కనిపించాలని కెప్టెన్ పనివాళ్ళ ఇళ్ళల్లోవాళ్ళని కూడా ఎక్కమన్నాడు. నేనూ మరదలూ మంచి చీరలు కట్టుకుని బయల్దేరాం. బయల్దేరే ముందు నేనొక ఘనకార్యం చేశాను. అది తర్వాత చెప్తా.

కంపెనీల వాళ్ళు ముందు బల్ల మీద కూర్చున్నారు. వాళ్ళలో నీలం టోపీ ఆవిడ ఒకతి, అందరూ ఆవిడ మొహం చూసే మాట్లాడుతున్నారు. లాంచీ రాళ్ళ మీదకి వచ్చింది. అద్దంలో తెల్లటి రాళ్ళు, వాటి మీద బ్రష్షుతో మా వాడు. తోమడానికి ఏమీ లేదు, ఉన్నట్టు తోముతున్నాడు. జనం అయిదు నిమిషాలు చూశారు. తర్వాత ఒకాయన ఆవలించాడు. ఒకావిడ గడియారం చూసుకుంది. నాకే నిద్రొచ్చింది. తెల్ల రాయిని ఎంతసేపు చూస్తావు? మా గుమ్మం ముందే ఉంది ఒకటి.

నీలం టోపీ ఆవిడ తల ఎత్తి, "ఆ మనిషిని చేప ఎప్పుడు తరుముతుంది?" అంది.

"ఏ చేపండీ?" అన్నాడు కెప్టెన్.

"మా చెల్లెలు పోయినేడు వచ్చింది. ఇంతింత చేప ఆ తోముకునే ఆయన్ని చెవి పట్టుకుని రాళ్ళ చుట్టూ తిప్పిందట. మూడు రోజులు నవ్వింది మా చెల్లెలు. నేను దానికోసమే వచ్చాను."

"మా అల్లుడూ అదే చెప్పాడు," అన్నాడు వెనకాలాయన.

కెప్టెన్ నోరు వెళ్ళబెట్టాడు. అప్పుడు తెలిసింది నాకు. ఆ మహారాజు ఏడాదిన్నరలో ఒక్కనాడు కూడా తన అద్దంలోకి తానే చూళ్ళేదు. ఎప్పుడూ ముందు నిలబడి టోపీ సర్దుకుంటూ ఆకాశం చూడ్డమే. జనం కింద చూసి నవ్వుతుంటే, తను చెప్పే జోకులకి అనుకున్నాడు!

ఒడ్డుకొచ్చాక మా వాడి మీద పడ్డాడు. "చేపల్ని తీసెయ్యమని ఎవడు చెప్పాడు నీకు?"

"మీరేనండీ."

"నేను చెప్తే తీసేస్తావా? మూడింటికి వాళ్ళని మళ్ళీ ఎక్కిస్తున్నా. బతిమాలి ఒప్పించా. అప్పటికి ఆ చేప లేకపోతే నువ్వు కూడా ఉండవు."

వాడు తడి బట్టలతోనే ఇంటికి పరిగెత్తాడు. వెనకాల మేమిద్దరం.

నా ఘనకార్యం ఇప్పుడు చెప్తాను. పొద్దున తొట్టిలో నీళ్ళు వాసనేస్తున్నాయి. పాపం మురికి నీళ్ళలో ఉంది కదా అని, ఆ నీళ్ళన్నీ తోడిపోసేసి, కుళాయి నీళ్ళు నిండుగా పట్టి వెళ్ళాను. సముద్రపు చేపకి తియ్యటి నీళ్ళు. మీరు నాకు చదువు లేదని నవ్వుతారే, నవ్వండి. చీలితోకది వెల్లకిలా తేలుతోంది.

మా వాడు దాన్ని రెండు చేతుల్తో తీశాడు. నా వైపు చూడను కూడా చూడలేదు. చూసుంటే తిట్టేదాన్ని. మరదలు తన గిన్నెలు గబగబా ఎత్తి, మిగతా మూడింటినీ బకెట్లలో సర్దింది. "నడవండి, మూడవడానికి అరగంటే ఉంది," అంది. అంతే.

మూడింటినీ రాళ్ళ మీద వదిలేసరికి, ఒక్కొక్కటీ తన రాయికి తాను బాణంలా పోయిందట. పొలం బోడిగా ఉంది, దాని మీద ఊళ్ళో చేపలన్నీ మేస్తున్నాయి. ఇంక వాటికి మనిషి ఎందుకు గుర్తుంటాడు? వచ్చినవాటినల్లా తరుముకుంటూ, అంచుల్లో తిరుగుతూ, వాటి గొడవలో అవి ఉన్నాయి. మూడింటికి లాంచీ వచ్చి మీద ఆగింది. నేనూ మరదలూ మళ్ళీ ఎక్కాం. అద్దం కిందకి వచ్చింది నడిమి రాయి. దాని మీద ఏ చేపా లేదు. మా వాడొక్కడే ఉన్నాడు.

తోమాడు. ఏమీ లేదు. చెయ్యి చాచాడు. ఏమీ రాలేదు. నీలం టోపీ ఆవిడ పర్సు మూసుకుంది. కెప్టెన్ ఇప్పుడు జన్మలో మొదటిసారి అద్దం మీద బోర్లా పడి చూస్తున్నాడు, టోపీ ఊడిపోయినా తెలీదు.

మా వాడు తల పైకెత్తి ఒక్కసారి అద్దంలోకి చూశాడు. నన్ను కాదు. నా పక్కనున్న మరదల్ని. ఆపైన ఒక్కసారిగా చెవి పట్టుకుని ఎగిరాడు. బ్రష్షు వదిలేశాడు. అటు తిరిగి చేతులు విసిరాడు, ఇటు తిరిగి కాళ్ళు తన్నుకున్నాడు, వీపు వెనక్కి చెయ్యి పెట్టి గోక్కున్నాడు. లేని చేపని చూసి రాయి చుట్టూ పరిగెత్తాడు. నీళ్ళలో పరిగెత్తడం చూశావా ఎప్పుడైనా? కలలో పరిగెత్తినట్టుంటుంది. నాకు తల కొట్టేసినట్టయింది. నా రక్తం, నా తోడబుట్టినవాడు, నలభై మంది ముందు కోతిలా గంతులేస్తున్నాడు. జనమేమో కళ్ళు చిట్లించుకుని, "ఏదీ? చేప ఏదీ?" అని వెతుక్కుంటున్నారు. ఇంకో నిమిషం ఆగితే వాడి బండారం బయటపడేదే.

అప్పుడు మా మరదలు లేచి నిలబడింది.

"అదిగో! చెవి! చెవి పట్టింది చూడండి!"

"ఎక్కడమ్మా?" అంది నీలం టోపీ ఆవిడ.

"అయ్యో, ఇటు కాదండీ, మీరు అటు కూర్చున్నారు. ఇప్పుడు మెడ వెనక్కి పోయింది. అబ్బ, ఎంత కోపమో దానికి! ఆ, మోకాలు! మోకాలు కొరుకుతోంది!"

ఆస్పత్రిలో పెద్ద నర్సు పలకరించినా తల ఎత్తని మనిషి. ఏమి గొంతు, ఏమి గొంతు! చెప్తూ చెప్తూ తన ఒంటి మీదే వేలుతో చూపిస్తోంది, కింద వాడు అద్దంలోంచి ఆ వేలు చూసి మోకాలు పట్టుకుంటున్నాడు. మోచెయ్యి అంటే మోచెయ్యి. నడుమంటే నడుం.

"ఆఁ! చూశాను! నల్లగా ఉంది!" అని అరిచింది నీలం టోపీ ఆవిడ.

ఇంకేముంది. ఆవిడకి కనిపించాక మిగతావాళ్ళకి కనపడకుండా ఉంటుందా? "తోక చూశారా?", "ఎంత చిన్నదో!", "మళ్ళీ చెవి దగ్గరికే పోతోందండోయ్!" ఆవలించినాయన బల్ల మీద దొర్లి దొర్లి నవ్వాడు. లేని చేపని నలభై మంది చూశారు. ఒకాయన దాని కన్ను పచ్చగా ఉందని కూడా కనిపెట్టాడు. డబ్బిచ్చి ఎక్కినవాళ్ళ చూపు అంత గొప్పగా ఉంటుంది మరి.

నేను నోరు మూసుకు కూర్చున్నాను. అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. ఆ మాత్రం ఉపకారం నేనూ చెయ్యాలిగా, చేప నా చేతిలోనే పోయింది.

కంపెనీల వాళ్ళు ఒప్పుకున్నారు. మనిషిని తరిమే చేప అన్నది నా పదేళ్ళ ఆలోచన అని కెప్టెన్ మర్నాటినించీ ఊరంతా చెప్పుకున్నాడు. చెప్పుకోనీ, టోపీకి ఏదో ఒకటి కావాలి.

ఆ సాయంత్రం మరదలు పిల్ల బట్టలు తీసి బీరువాలో పెట్టేసింది. వాడు పక్కన నిలబడి చూశాడు. "గిన్నెలు కడగండి, ఉప్పు పట్టాయి," అంది. కడిగాడు. ఆ ఇద్దరి మధ్య జరిగిన మాటలు అవే. సినిమాల్లో అయితే ఏడుపులు, పాటలు ఉండేవి. ఇద్దరూ ఇద్దరే.

నాచు నెల తిరక్కుండా మళ్ళీ పట్టింది. నడిమి రాయి ఖాళీగా ఉండనిస్తారా? ఒక పిల్ల గయ్యాళి దిగింది, ఇంకా ఒంటిమీద పసుపు పూర్తిగా పోలేదు. దానికి రాయి తనదని నమ్మకం కుదిరి వాణ్ణి మొదటిసారి కరిచిన రోజు, మోచెయ్యి చూపించడానికి వరండా అంతా తిరిగాడు. సిగ్గూ ఎగ్గూ లేకుండా. తోమడం ఆనాటితో మానేశాడు. బ్రష్షు పట్టుకుని రాయికి జానెడు దూరంలో ఆడించేవాడు, అంతే. చేపకి కోపం తెప్పించడం వరకే వాడి ఉద్యోగం. ఇరవై రెండేళ్ళు, రోజుకి రెండు ట్రిప్పులు, ఒక చిన్న చేపకి కోపం తెప్పించి బతికాడు. ఒకసారి కాలేజీ నించి ఒకాయన పుస్తకం పట్టుకొచ్చి, ఆ చేపలు ఏం తింటాయి, ఎప్పుడు గుడ్లు పెడతాయి అని రెండు రోజులు అడిగి అడిగి రాసుకెళ్ళాడు. వాడు చెప్పినంతసేపూ "మీ పేరేంటి" అని మాత్రం అడగలేదు. మీకు బంధువై ఉంటాడు.

మరదలు ఆ తర్వాత ఎప్పుడూ ఆ లాంచీ ఎక్కలేదు. ఎక్కమన్నా ఎక్కలేదు. ఇస్త్రీ నించి వచ్చి వరండాలో కూర్చుని, "ఇవాళ ఎక్కడ?" అనేది. వాడు చూపించేవాడు. ఆ చెవే, ఆ మోచెయ్యే. రోజూ కొత్తగా చూసినట్టు చూసేది ఆవిడ. నాకు ఎదురుగుండా కూర్చుని ఇదంతా చూడాల్సిన ఖర్మ.

నీళ్ళలో నాని నాని ఒక చెవి వినిపించడం మానేసింది. తర్వాత ఊపిరితిత్తుల్లో నెమ్ము చేసింది. ఆస్పత్రిలో మరదలు ఇస్త్రీ చేసిన దుప్పటి మీదే పదకొండు రోజులున్నాడు. ఉద్యోగం పోలేదు. పెళ్ళామూ పోలేదు. పోయేనాటికి వాడికి యాభై ఎనిమిదేళ్ళు.